గుడ్డ ఉసిరిచెట్టు కింద వనభోజనం

బాగ్‌బేరా, జంషెడ్‌పూర్
24 అక్టోబరు 2025

రమాదేవికి,

నీ వదిన ఇంద్రాణి రాస్తున్నది. నీతో ఫోనులో మాట్లాడనని నేను ఒట్టేసుకున్నాను. నాతో మాట్లాడనని నువ్వూ ఒట్టేసుకున్నావు. ఉత్తరాలు రాసుకోవాలని మాత్రం ఇద్దరిలో ఎవరమూ అనుకోలేదు, రాసుకోకూడదనీ అనుకోలేదు. అందుకని రాస్తున్నాను. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటరు దగ్గర పిల్ల నన్ను ఎగాదిగా చూసి, "ఆంటీ, వాట్సాప్ నహీ హై క్యా?" అంది. ఉంది, ఒట్టు కూడా ఉంది అన్నాను. దానికి అర్థం కాలేదు.

ముందు ఆ సంపెంగ సంగతి తేల్చేద్దాం. మీరు ఇల్లు ఖాళీ చేసి పార్వతీపురం వెళ్ళిపోతూ నీ గుడ్డ సంపెంగచెట్టును నాకు అప్పగించావు. దానికి దుమ్ము పట్టింది. దుమ్ము పట్టిన గుడ్డను ఉతక్కుండా హారతి ఇస్తారా? వాషింగ్ మిషన్లో వేశాను. అది తిరిగి వచ్చేసరికి సంపెంగలా లేదన్న మాట నిజమే. తప్పు మిషనుది. దానికి నన్ను "చెట్టును ఉతికిన మనిషి" అని ఫోనులో అరవక్కర్లేదు.

ఇక అసలు కబురు. ఏటా కార్తీకంలో మన తెలుగు మహిళా మండలి పెట్టే గుడ్డ పూల, కాగితం పూల తోట ప్రదర్శన ఈసారీ మొదలైంది. రైల్వే కాలనీ హాలు నిండా కుండీలు, పాదులు, పందిళ్ళు. కానీ వనభోజనానికి పార్కు దొరకలేదు. కార్తీకంలో ఆదివారాలన్నీ వేరే సమాజాల వాళ్ళు ముందే పట్టేసుకున్నారు. అందరం దిగాలు పడి కూర్చుంటే మహిళా మండలికి మగ అధ్యక్షుడు, రిటైరైన స్టేషన్ మాస్టరు సోమేశ్వరరావు గారు లేచి, "ఏటమ్మా, పార్కులో ఉన్నదే వనమేటి? మనం కుట్టింది వనం కాదా? ఈ హాల్లోనే ఆకులెయ్యండి" అన్నారు.

ఉసిరిచెట్టు లేకుండా వనభోజనం ఏమిటని నేను అడిగాను. "కుట్టెయ్" అన్నారు. పంతులుగారు భానుప్రకాష్ గారు చాలాసేపు కళ్ళు మూసుకుని ఆలోచించి, "చెట్టు గుడ్డదే గానీ నీడ గుడ్డది కాదు కదమ్మా. నీడ నీడే. నీడలో తింటే ఫలం వత్తాది" అని తేల్చేశారు. ఆ చెట్టు కుట్టే పని నా నెత్తిన పడింది. నవంబరు పదహారు ఆదివారం భోజనాలు.

మీ అన్నయ్య క్షేమం. మీ ఆయన ఆదిబాబు అన్నయ్య గారిని అడిగానని చెప్పు.

ఇట్లు,
ఇంద్రాణి


పార్వతీపురం
29 అక్టోబరు

వదినకు నమస్కారాలు.

నీ ఉత్తరం అందింది. నేను విప్పలేదు. ఈయన చేత విప్పించి చదివించుకున్నాను, అప్పుడు నేను చదివినట్టు కాదు. సంపెంగ గురించి రాసిన భాగం రాగానే వద్దన్నా వినకుండా ఈయన నవ్వారు. ఆ పూట ఆయనకు చారు పోయలేదు.

మొత్తం ఉత్తరం రెండోసారి కూడా చదివించాను. పార్కు సంగతి ఉంది, పంతులుగారి కళ్ళు మూసుకోవడం ఉంది, పోస్టాఫీసు పిల్ల ఉంది. నన్ను రమ్మన్న మాట ఎక్కడా లేదు. ఆ తోట మొదలుపెట్టిందే మనిద్దరం వదినా. నా పాత లంగాలు, నీ పాత జాకెట్లు కత్తిరించి మొదటి బంతిపూలు చేసింది మన వరండాలోనే. ఊరు మారగానే నేను ఆ హాల్లోంచి కూడా మారిపోయానా? కిటికీ పక్క మూల నాది. ఏటా నా మల్లెపందిరి అక్కడే. ఈసారి అక్కడ ఏముందో నువ్వు రాయలేదు, నేను అడగను.

నేను ఆడపడుచుని. గుమ్మంలోకి వచ్చి బొట్టు పెట్టి పిలవందే రాను. ఉత్తరంలో చివరన ఒక ముక్క రాస్తే పిలుపు అనుకునే రకాన్ని కాను. ఆ ముక్క కూడా రాయలేదనుకో.

ఇక్కడ అందరూ మంచివాళ్ళు. పక్కింటి వాళ్ళు ఏది చేసినా బాగుందంటారు. నా కాగితం చామంతి వంకరగా వచ్చిందని చెప్పే మనిషి ఒక్కరు లేరు. పిచ్చెక్కిపోతోంది.

ఉసిరాకును ఒక్కొక్క రెబ్బా విడిగా కత్తిరించే బుద్ధి పుట్టిందేమో నీకు, పుట్టే ఉంటుంది. అలా చేస్తే వచ్చే కార్తీకానికి కూడా పూర్తవదు. పచ్చ పట్టీని నిలువునా మడిచి, అంచును సన్నగా దువ్వెన పళ్ళలా కత్తిరించి విప్పు. కాయలకు దూది కూరి, పైనుంచి కిందికి దారం బిగించి లాగితే గాట్లు వస్తాయి. మానుకు గోనెగుడ్డ, చిక్కటి గంజి. ఇదంతా చెట్టు మీద జాలితో చెబుతున్నాను, నీ మీద కాదు.

ఇట్లు,
రమ


బాగ్‌బేరా
2 నవంబరు

రమా,

దువ్వెన పళ్ళ ఉపాయం పనిచేసింది. నాకు ముందే తట్టింది, నువ్వు చెప్పేదాకా ఆగాను.

ఇక్కడ మా కష్టాలు విను. హాల్లో నాలుగు వైపులా ట్యూబులైట్లు, అందుకని చెట్టుకు నీడే పడలేదు. నీడ లేకపోతే ఫలం లేదని పంతులుగారు మొండికేశారు. పర్సుడీహ్‌లో పెళ్ళి డెకరేషన్ల వాడి దగ్గర పెద్ద హాలోజన్ దీపం తెచ్చి పక్కనుంచి వేస్తే, నీడంతా పోయి గోడెక్కింది. గోడ మీద కూర్చుని భోంచేయలేం కదా! సోమేశ్వరరావు గారు ఫ్యాను తీయించి ఆ కొక్కేనికి దీపం వేలాడదీశారు. ఇప్పుడు నీడ నేల మీద గుండ్రంగా పడుతోంది. అందులో ఎవరు ఎక్కడ కూర్చోవాలో సుద్దతో గళ్ళు గీసి, రిజర్వేషన్ అంటున్నారు. గళ్ళు దొరకనివాళ్ళు వెయిటింగు. కొమ్మ ఇంకాస్త పొడుగు కుట్టమ్మా అని రోజూ నా ఇంటికి ఎవరో ఒకరు పళ్ళు పట్టుకుని వస్తున్నారు.

ఇంకో గొడవ. సత్యప్రసాద్ వాళ్ళమ్మ నూకమ్మ గారు తెలుసుగా, తెల్లవారకముందే ఊళ్ళో వాళ్ళ మందారాలన్నీ పూజకు కోసేసే ఆవిడ. ఆవిడ హాల్లోకి కూడా వచ్చి గుడ్డ మందారాలు కోసుకుపోతున్నారు. తిరిగి ఇమ్మని అడగడానికి నేనే వెళ్ళాను. "ఓలమ్మో, దేవుడి నెత్తినెట్టిన పువ్వు వాడకుండా ఎలగ తీత్తానే? వాడనియ్, తీసిచ్చేత్తాను" అన్నారు. అవి ఎప్పుడు వాడతాయి రమా? దేవుడు కనబడటం మానేశాడు, ఉత్త మందారాలే కనబడుతున్నాయి. మేం రోజూ కొత్తవి కుడుతున్నాం, ఆవిడ రోజూ కోస్తున్నారు.

ఇక నీ అలక. నీకు బొట్టే కదా కావాలి? ఈ కాగితం అడుగున ఒక స్టిక్కరు బొట్టు అంటించాను. తీసి నుదుట పెట్టుకో. నేను వచ్చి పెట్టినట్టే. ఎర్రది, నీకు నప్పే సైజు.

కిటికీ పక్క మూల గురించి నువ్వు అడగనన్నావు కాబట్టి నేనూ చెప్పను.

ఇట్లు,
నీ వదిన


పార్వతీపురం
6 నవంబరు

వదినకు,

నీ తెలివికి దండం. ఉత్తరం ఎప్పటిలాగే ఈయన చేతికిచ్చి చదవమన్నాను. అడుగున ఏదో అంటుకుని ఉందని ఈయన వేలితో గీకారు. ఆ తర్వాత చెమట పట్టిందని నుదురు తుడుచుకున్నారు. తర్వాత బజారుకు వెళ్ళి, టీ తాగి, బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చి, సాయంత్రానికి తిరిగొచ్చారు. నుదుటి మధ్యన ఎర్రగా నీ బొట్టు. బ్యాంకులో అప్పన్న గారు లేచి నిలబడి, "ఏ పీఠంలో దీక్ష పుచ్చుకున్నారండీ?" అని అడిగారట.

నేను నవ్వలేదు. బొట్టు తీసి ఇటివ్వండి అన్నాను. "ఇంకేటిత్తాను? పిలుపు నాకంటుకుంది. ఇంద్రాణమ్మ పిలిచాక ఎల్లకపోతే ఏం బాగుంటాది?" అని సంచి సర్దుకున్నారు. నేను సరదాకనుకున్నాను. నిన్న బండెక్కేశారు. రైలు నడిపినన్నాళ్ళూ ఇంటికి ఆలస్యంగా వచ్చిన మనిషి, పిలవని పేరంటానికి మాత్రం గంట ముందే స్టేషనుకు పోయారు.

నాకు రావాల్సిన పిలుపు నా మొగుడికి ఇచ్చావు. అసలు స్టిక్కరు బొట్టుతో ఎవరిని పిలుస్తారు వదినా? మన కాలనీలో పాలవాడి కూతురి సీమంతానికి కూడా మనిద్దరం భరిణ పట్టుకుని గుమ్మం గుమ్మం ఎక్కాం. నా దాకా వచ్చేసరికి గమ్ము బొట్టా?

ఆయనకు రాత్రిపూట పెరుగు పెట్టకు, దగ్గు.

రమ


బాగ్‌బేరా
8 నవంబరు

రమా,

అన్నయ్య గారు క్షేమంగా చేరారు. రమే పొమ్మంది అని చెప్పారు. నీ ఉత్తరం వేరే కథ చెబుతోంది. మొగుడూ పెళ్ళాం ముందు ఒక మాట మీదకు రండి. ఆడపడుచును పిలిస్తే మొగుణ్ణి పంపింది, ఇదెక్కడి గొప్ప అని నేనూ కాస్త ఉడుక్కున్నాను. రాసుకో.

ఆయన గురించి నువ్వేం బెంగ పడకు. ఉసిరిచెట్టులో కుదురుకున్నారు.

కంగారు పడకు, చెబుతాను. కాయల బరువుకు చెట్టు పడమటికి ఒరిగింది. లోపల వెదురు కట్టు వదులైంది. "ఇంజను కింద దూరినోడికి చెట్టులో దూరడం లెక్కేటి?" అని అన్నయ్య గారు గోనెగుడ్డ పైకెత్తి లోపలికి దూరారు. ముడి బిగించేలోపే టెల్కో కాలనీ నుంచి ఆడవాళ్ళు బస్సు నిండా వచ్చి, వచ్చినవాళ్ళు వచ్చినట్టే ప్రదక్షిణాలు మొదలుపెట్టారు. మధ్యలో చెట్టులోంచి మగమనిషి బయటికొస్తే ఏం బాగుంటుంది? లోపలే ఉండిపోయారు. వాళ్ళు మానుకు పసుపు రాశారు, దారాలు చుట్టారు. నూకమ్మ గారు వంగి, "నా కోడలు నా మాట ఇనేలాగ సెయ్యి తండ్రీ" అని మొక్కుకుంటూ ఉండగా అన్నయ్య గారికి దగ్గు వచ్చింది. (పెరుగు మీ అన్నయ్య పెట్టారు, నేను కాదు.)

"ఇన్నావా? ఊఁ అన్నాడు!" అని ఆవిడ హాలంతా చాటారు. మర్నాడు పొద్దుటికల్లా దగ్గే ఉసిరిచెట్టు అని బాగ్‌బేరా అంతా పాకిపోయింది. కోడళ్ళ మీద ఫిర్యాదులున్న అత్తలు, అత్తల మీద ఫిర్యాదులున్న కోడళ్ళు వేర్వేరు లైన్లలో నిలబడుతున్నారు. ఎవరికి దగ్గాలో, ఎవరికి ఊరుకోవాలో అన్నయ్య గారికి తెలియక అందరికీ దగ్గుతున్నారు. వెనక చిన్న కిటికీలాంటిది కుట్టాను. మండలిలో కొత్తగా చేరిన యోగిత అనే పిల్ల గంటకోసారి వచ్చి, "చాచీ, పేడ్ కో చాయ్ దే దూఁ?" అంటుంది. చెట్టుకు టీ ఇమ్మంటావా అని. ఇమ్మంటాను.

ఆయన బయటికొస్తే చెట్టు ఒరిగిపోతోంది. ఆదివారం దాకా ఆయన్ని మాకు వదిలెయ్యి.

ఇట్లు,
ఇంద్రాణి


పార్వతీపురం
10 నవంబరు

వదినా,

ఇదే నా ఆఖరి ఉత్తరం. తిరిగి రాయకు.

ఈయన చెట్టులోంచి ఫోను చేశారు. వెనకాల ఎవరో కోడలు ఏడుస్తోంది, ఆమెకు వినబడకుండా గుసగుసగా మాట్లాడారు. నువ్వు చెప్పవు కాబట్టి ఈయన్నే అడిగాను, నా కిటికీ పక్క మూలలో ఏముందని. గోనెగుడ్డ సందులోంచి చూసి చెప్పారు. "ఏటీ లేదు రమా. ఖాళీ."

నా చోట మన మండలిలో పద్మశ్రీ వాళ్ళ కాగితం తామరలు పెట్టి ఉంటావనుకున్నాను. కోపం తెచ్చుకుందామని సిద్ధంగా కూర్చున్నాను. ఖాళీ అనేసరికి కోపం కూడా రాలేదు. గోడకు ఒక కాగితం గడ్డిపోచ అయినా అంటించలేకపోయారా? నేను అక్కడ లేకపోతే ఏం పెట్టాలన్న ఆలోచన కూడా ఎవరికీ రాలేదన్నమాట. వంటింట్లో కూర్చుని ఏడ్చాను. చెప్పకూడదనుకున్నాను, చెప్పేశాను.

పిలుపు లేదంటే మనిషి లేనట్టే వదినా. ఇక్కడ నన్ను ఎవరూ ఎరగరు, కాబట్టి పిలవరు. అక్కడ ఎరిగినవాళ్ళు పిలవలేదు.

నా మొగుణ్ణి చెట్టులోంచి తీసి బండెక్కించు.

రమ


పార్వతీపురం, నీ ఇంటి అరుగు మీద నుంచి
14 నవంబరు

రమా,

ఏ ఊళ్ళో కూర్చుని రాస్తున్నానో పైన చూశావుగా. నీ ఉత్తరం అందగానే మీ అన్నయ్యకు అన్నం వండి పడేసి, కుంకుమ భరిణ, రవికల గుడ్డ పట్టుకుని నిన్న బండెక్కాను. పొద్దున్నే ఆటో దిగేసరికి నీ ఇంటికి తాళం. పక్కింటి ఆవిడ బిందుప్రియ వచ్చి, "ఆంటీ నిన్న సాయంత్రమే టాటానగర్ ఎల్లిపోయారండి. పిలవకపోయినా ఎల్తాను, నా మొగుణ్ణి చెట్టులోంచి లాక్కొత్తాను అన్నారు" అని చెప్పింది. రెండు బండ్లూ దారిలో ఎక్కడో ఎదురుపడే ఉంటాయి. నువ్వు ఆ కిటికీలో నన్ను తిడుతూ ఉండి ఉంటావు. నేను ఈ కిటికీలో నిన్ను తిడుతున్నాను.

ఇంత దూరం వచ్చి పిలవకుండా పోతానా? నీ తలుపుకు బొట్టు పెట్టాను. గడపకు పసుపు రాశాను. తాళంకప్పకు కూడా ఒక చుక్క పెట్టాను, అది కూడా ఇంటి మనిషే కదా అని. తర్వాత తలుపు ముందు నిలబడి, "పదహారో తారీఖు ఆదివారం మా తోటలో వనభోజనం, తప్పకుండా రావాలి" అని మూడుసార్లు చెప్పాను. తలుపు పలకలేదు. బిందుప్రియ, వాళ్ళత్తగారు, ఎదురింటి వాళ్ళు వరుసగా నిలబడి చూశారు. ఒకావిడ ఇంట్లో ఎవరైనా పోయారా అని అడిగింది. అప్పుడు నాకు ఏడుపొచ్చింది, అరుగు మీద కూలబడ్డాను.

ఆ మూల ఖాళీగా ఎందుకుందో చెబుతాను. పద్మశ్రీ అడిగింది, ఇవ్వలేదు. సోమేశ్వరరావు గారు టీ స్టాలు పెడతానన్నారు, ఆయన మీద కత్తెర ఎత్తాను. అది నీది రమా. నీ పందిరికి తాళ్ళు కట్టే మేకులు కూడా పీకనివ్వలేదు. ఖాళీ అంటే నీకు ఉంచిన చోటు అని నాకు తోచింది. మరొకలా కూడా కనబడుతుందని నీ ఉత్తరం చూశాకే తెలిసింది.

నిన్ను పిలవకపోవడం మరచిపోయి కాదు. ఇంటి మనిషిని ఎవరైనా పిలుస్తారా? నా ఇంట్లో శుభకార్యానికి నన్ను నేను పిలుచుకుంటానా? బొట్టు పెట్టి పిలిచానంటే నువ్వు పరాయి ఊరిదానివైపోయావని నా నోటితో ఒప్పుకున్నట్టు. నేను ఒప్పుకోను. అందుకే గమ్ము బొట్టుతో వేళాకోళం చేశాను.

ఈ ఉత్తరం మన వీధి దీపక్‌కు ఇస్తున్నాను, ఇవాళ టాటానగర్ వెళ్ళే బండి మీదే వాడి టీసీ డ్యూటీ. టీసీ తెలిసినవాడైతే బెర్తు దొరుకుతుందన్నది పచ్చి అబద్ధం. నాకు రేపు రాత్రికి గానీ దొరకలేదు. ఆదివారం పొద్దున దిగుతాను. కదలకుండా అక్కడే ఉండు.

నీ వదిన


బాగ్‌బేరా
16 నవంబరు, ఆదివారం

వదినకు,

ఈ ఉత్తరం అన్నయ్య చేత స్టేషనుకు పంపుతున్నాను. ప్లాట్‌ఫాం మీదే చదువుకో. కళ్ళజోడు మరచిపోతే అన్నయ్య చదువుతాడు.

మొన్న పొద్దున్నే నీ ఇంటికి చేరాను. నీ వంటింట్లో వండాను, నీ చీరే కట్టుకున్నాను. నిన్న దీపక్ నీ ఉత్తరం ఇచ్చాడు. ఈసారి నేనే విప్పి నేనే చదివాను. తాళంకప్పకు బొట్టు పెట్టావని చదివి నవ్వాను, మూల సంగతి చదివి ఏడ్చాను. యోగిత చూసి చాయ్ తెచ్చి ఇచ్చింది. ఆ పిల్లకు అన్నిటికీ అదే మందు.

హాలు సంగతి చెబుతాను. పులిహోర, గుమ్మడికాయ పులుసు, పెరుగు వడలు అన్నీ నేనే చేశాను. పొయ్యి బయట పెట్టించాను. లోపలికి కిటికీలోంచి అందిస్తున్నాను. గుమ్మం దాటలేదు. నూకమ్మ గారు వచ్చి, "ఏటే, ఇంతదూరం వచ్చి గుమ్మంకాడ నిలబడతావేటి?" అని చెయ్యి పట్టుకుని లాగారు. రానన్నాను. పంతులుగారు బొట్టు తాను పెట్టిస్తానన్నారు. వద్దన్నాను. నేను లోపలికి రాకపోతే తాను బయటికి రానని ఈయన చెట్టులోంచి దగ్గుతున్నారు. సోమేశ్వరరావు గారు మైకు పట్టుకుని, లేటుగా నడుస్తున్న ఇంద్రాణి గారి బండి వచ్చేవరకు వనభోజనం కూడా ఆలస్యంగా నడుస్తుందని ప్రకటించారు. ఆకులు వేసుకుని అందరూ నీడలో కూర్చుని ఉన్నారు. ఒక్కరూ లేవలేదు, లేస్తే గడి పోతుందని.

నన్ను పిలిస్తే పరాయిదాన్నైపోతానని పిలవలేదన్నావు. నేను ఊరు వదిలి వెళ్ళింది నిజం వదినా. నువ్వు ఒప్పుకోకపోయినా నా సామానంతా పార్వతీపురంలోనే ఉంది. ఇంటి మనిషినని మీరు పిలవరు, ఊరిమనిషిని కానని మిగతావాళ్ళు పిలవరు. మధ్యలో నేనెక్కడ నిలబడను? ఇదిగో, ఈ గుమ్మం బయట నిలబడ్డాను.

పరాయిదాన్నే అనుకో, పర్లేదు. పరాయిదాన్ని పిలిచినట్టే పిలువు. నువ్వు పిలిస్తే ఎక్కడినుంచైనా వస్తాను. పిలవకపోతే నీ ఇంట్లో ఉండి కూడా రాలేకపోతున్నాను, చూశావుగా.

అన్నం చల్లారిపోతోంది. ఆటో ఎక్కి తిన్నగా హాలు దగ్గరకే రా.

ఇట్లు,
రమాదేవి